తేనెమైనం, నిమ్మగడ్డి నూనెతో ఇంట్లోనే సువాసన కొవ్వొత్తులు: కొలతలు, జాగ్రత్తలు, లెక్క



తేనె పిండాక మిగిలే తుట్టెను చాలామంది పారేస్తున్నారు. గట్ల మీద నిమ్మగడ్డి ఉన్నా టీలో వేసుకోవడానికి తప్ప వాడట్లేదు. ఈ రెండూ ఉంటే మంచి సువాసన కొవ్వొత్తులు చేసుకోవచ్చు. నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో, పొలం ఇబ్రహీంపట్నం వైపు. తయారీ మొత్తం వీడియోలో చూపించాను. కొలతలు, లెక్క ఇక్కడ రాస్తున్నాను.

బజారులో దొరికే మామూలు కొవ్వొత్తి పారాఫిన్‌తో చేసింది. అది పెట్రోలియం నుంచి వస్తుంది. మనది తేనెటీగలు చేసిన మైనం. కిలో మైనం కట్టడానికి ఈగలు 6 నుంచి 8 కిలోల తేనె తింటాయని పెంపకందారులు చెప్తుంటారు. కాబట్టి దాన్ని పారేయకండి.

మైనం శుభ్రం చేయడం

తుట్టెను పలచటి గుడ్డలో మూటకట్టి, స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, మూట మీద బరువు పెట్టి సన్నటి మంట మీద కాచండి. ఇనుము, రాగి పాత్రలు వద్దు, మైనం రంగు మారుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే తెల్లారేసరికి మైనం పైన బిళ్లలా గట్టిపడుతుంది. మూటలో మిగిలిన పిప్పిని కంపోస్టు గుంతలో వేసేయండి.

కొవ్వొత్తి తయారీ

కావలసినవి: మైనం 400 గ్రాములు, కొబ్బరినూనె 100 గ్రాములు, నిమ్మగడ్డి నూనె 25 గ్రాములు, గట్టిగా అల్లిన నూలు వత్తి, గాజు గ్లాసులు. పూజ వత్తులు దీనికి పనికిరావు. గ్లాసులు బేగంబజార్‌లో తెచ్చుకోవచ్చు.

1. పెద్ద గిన్నెలో నీళ్లు కాచి, అందులో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించండి. 62–65 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నేరుగా మంట మీద పెట్టొద్దు.
2. కొబ్బరినూనె కలపండి. దీనివల్ల మైనం గ్లాసు అంచుల నుంచి అంతగా విడిపోదు.
3. గిన్నెను పొయ్యికి దూరంగా దించాకే నిమ్మగడ్డి నూనె వేసి రెండు నిమిషాలు కలపండి.
4. వత్తిని ముందే మైనంలో ముంచి ఆరబెట్టుకుని, గ్లాసు మధ్యలో నిలబెట్టి పోయండి. ఒక రోజు కదపొద్దు.

వెలిగించాక పొగ వస్తే వత్తిని అర సెంటీమీటరుకు కత్తిరించండి. మంట మునిగిపోతుంటే ఇంకొంచెం లావు వత్తి కావాలి. ఎండిన పూలు, ఆకులు, కర్పూరం లోపల పెట్టొద్దు, అవే అంటుకుంటాయి. మైనం అంటుకుంటే నీళ్లు మాత్రం పోయకండి, మూత పెట్టేయండి.

లెక్క ఎలా ఉంటుంది?

100 కిలోల పచ్చి నిమ్మగడ్డికి రకాన్ని, కాలాన్ని బట్టి సుమారు అర కిలో నూనె వస్తుంది. పై కొలత ప్రకారం అది వంద గ్రాముల కొవ్వొత్తులు 100కు సరిపోతుంది. అంటే కొవ్వొత్తుల కోసమని ఎకరం నిమ్మగడ్డి వేయక్కర్లేదు, నూనె తీసే యూనిట్ సొంతంగా పెట్టుకోనక్కర్లేదు. గట్ల మీది గడ్డిని దగ్గర్లోని యూనిట్‌కు తీసుకెళ్తే చాలు. నూనె తీశాక వచ్చే గడ్డిని ఆచ్ఛాదనగా పరవండి. నారు, సాగు గురించి అడగాలంటే సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధనా కేంద్రం మన బోడుప్పల్‌లోనే ఉంది.

అసలు కొరత మైనానికే. ఆ 100 కొవ్వొత్తులకు 8 కిలోలు కావాలి. పెట్టెల్లో తేనె తీసేటప్పుడు తుట్టెను మళ్లీ ఈగలకే ఇస్తాం కాబట్టి మైనం కొంచెమే దొరుకుతుంది. ఉన్న మైనాన్ని బట్టే ఆర్డర్లు ఒప్పుకోండి.

అమ్మేటప్పుడు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ అపార్ట్‌మెంట్లలో మన బియ్యం, కూరగాయలు కొనేవాళ్లే దీన్నీ కొంటారు. వాళ్లు కొనేది మన మాట మీద నమ్మకంతో. అందులో పారాఫిన్, సీసా సెంటు కలిపినట్టు ఒక్కసారి తెలిస్తే రేపు మన బియ్యాన్ని కూడా అనుమానిస్తారు. మైనం తక్కువైతే తక్కువే చేయండి. దోమలు రావని కూడా చెప్పొద్దు. దోమలకు వాడే సిట్రొనెల్లా వేరే గడ్డి. కొన్నాళ్లకు కొవ్వొత్తి మీద తెల్లటి పొర వస్తుంది. అది బూజు కాదు, తేనెమైనం గుణమే, కాస్త వేడి తగిలితే పోతుందని ముందే చెప్పండి.

ముందు ఐదు చేసి ఇంట్లోనే వెలిగించి చూడండి. బాగా వెలిగాకే అమ్మకం మాట. సందేహాలుంటే వీడియో కింద అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.