సెలయేటి రాతి ఈగ

కొండలలో వేగముగా పారు సెలయేటినుండి ఒక గుండ్రాయి నెత్తి, దాని అడుగుభాగమును చూడుడు. నీరు చల్లగాను, నిర్మలముగాను ఉన్నచో, రాతిని కరచుకొని ప్రాకు చదునైన పురుగొకటి కనబడవచ్చును. దానికి తోకలు రెండు. ఆంగ్లేయులు దీనిని 'స్టోన్‌ఫ్లై' అందురు. మనము రాతి ఈగ అనుకొందము. పేరున ఈగయే గాని, ఈగలతో దీనికి దగ్గరి చుట్టరికము లేదు. ఈగకు రెక్కలు రెండు. దీనికి సాధారణముగా నాలుగు. వానిని మడచి వీపుపై పరచుకొనును. అందుచేతనే శాస్త్రజ్ఞులు 3,500 కు పైగా జాతులుగల ఈ క్రమమునకు 'ప్లికాప్టెరా', అనగా మడతరెక్కలది, అని పేరిడిరి.

రెక్కలు వచ్చిన పిమ్మట ఇది కొద్ది వారములే జీవించును. నీటిలోని పిల్లదశ, అనగా శాబకము, సాధారణముగా ఒక సంవత్సరము, కొన్ని జాతులలో మూడు నాలుగు సంవత్సరములు ఉండును. కొన్ని శాబకములు రాలిన ఆకులను కొరికి తుంపులు చేయును. ఆ తుంపులు దిగువనున్న జీవులకు ఆహారము. కొన్ని ఇతర పురుగులను వేటాడును. చేపలు వీనిని తినును.

వీని కష్టమంతయు ఊపిరితోనే. కొన్నిటికి కాళ్ల మొదళ్లలో దారపుపోగులవంటి మొప్పలు కలవు. కొన్నిటికి అవియు లేవు; చర్మమే దిక్కు. మొప్పల నాడించి నీటిని కదల్చుకొను నేర్పు వీనికి లేదు గనుక ప్రవాహమే ఆ పని చేయవలెను. నీటిలో ప్రాణవాయువు తగ్గినచో శాబకము కాళ్లూని, దండీలు తీయు వస్తాదువలె, శరీరమును పైకి క్రిందికి ఊపును! నీరు వేడెక్కినకొలది ఈ వాయువు తగ్గును. సముద్రమట్టమున లీటరు మంచినీటిలో 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 11.3 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే ఇముడును. మురుగు కలిసినచో సూక్ష్మజీవులు ఆ ఉన్నదానిని గూడ హరించును.

సీసాతో నీరుపట్టి పరీక్షించినచో ఆ క్షణపు సంగతియే తెలియును. అర్ధరాత్రి వదలిన మురుగు తెల్లవారుసరికి కొట్టుకొనిపోవచ్చును. కాని సంవత్సరముగా అచ్చటనే యున్న శాబకము ఆ రాత్రిని దాటి బ్రతుకవలెను గదా! బ్రిటనులో రూపొందిన బి.ఎం.డబ్ల్యు.పి. పద్ధతిలో నీటిపురుగుల కుటుంబములకు 1 నుండి 10 వరకు మార్కులిత్తురు. రాతి ఈగల కుటుంబములలో దాదాపు అన్నిటికిని 10; మురుగులోను బ్రతుకు ఎఱ్ఱలవంటి పురుగులకు 1. అయితే మన మైదానపు కాలువలో రాతి ఈగ లేదని చూచి, నీరు చెడిపోయినదనుట తొందరపాటు. అచ్చటి నీరు సహజముగనే వెచ్చన.

అమెరికాలోని మాంటానా రాష్ట్రమున 'లెడ్నియా తుమానా' అను జాతి కలదు. మంచు కరిగిన నీటియందే దాని నివాసము. అచ్చటి గ్లేషియర్ జాతీయవనమున 1850 ప్రాంతమున సుమారు 150 హిమానీనదములుండగా, 2015 నాటికి ఆ పేరునకు తగిన పరిమాణముగలవి 26 మాత్రమే మిగిలినవి. 2019 లో అమెరికా ప్రభుత్వము ఈ పురుగును ముప్పునందున్న జాతిగా ప్రకటించినది. దిగువనీరు వెచ్చబడినకొలది పైకి జరుగవలసినదే. కాని ఆ ఏళ్లు పుట్టునది శిఖరముల చెంతనే. అంతకుపైన నీరు లేదు.