చేతికీ చదువు కావాలి

అమెరికాలోని అట్లాంటా నగరంలో జార్జియా టెక్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి ‘ఇన్వెన్షన్ స్టూడియో’ అనే కర్మశాలను విద్యార్థులే నడుపుతారు. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కోత యంత్రాలు వాడటం తెలిసినవారు తెలియనివారికి నేర్పుతారు. ఊహించిన వస్తువును స్వయంగా చేస్తారు. కుదరకపోతే లోపం వెదకి మళ్లీ చేస్తారు.

మరి మన ఇళ్లలో? మెకానిక్ షెడ్డుకు వెళ్లే కుర్రవాణ్ణి చదువు అబ్బనివాడంటాం. చదువుకునే బిడ్డ స్క్రూడ్రైవర్ పడితే కోప్పడతాం. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) ప్రవక్త, రాజు కూడా. అయినా స్వహస్తాలతో కవచాలు చేశారు. తన చేతి కష్టార్జితమే భుజించారు. ఈ వృత్తాంతాన్ని ఏళ్ల తరబడి బోధించిన మేము సైతం పిల్లల చేతికి పుస్తకమే ఇచ్చాం, పనిముట్టు ఇవ్వలేదు.

ఈ సెలవుల్లో పాడైన గడియారాన్ని పారవేయకండి. కొడుకైనా, కూతురైనా, పక్కన కూర్చుని విప్పనివ్వండి.