హంసతూలికా తల్పం మీద నూరు మైళ్ల వేగం

ఎదురుగాలిలో సైకిలు తొక్కుకుంటూ బడికి వస్తున్నారనుకోండి. మీరేం చేస్తారు? ఎవరూ చెప్పకుండానే హ్యాండిలు మీదికి వంగుతారు. గడ్డం బెల్లుకు తగులుతుందేమో అన్నంతగా వంగుతారు. అలా వంగినందువల్ల మీ కాళ్లలో కొత్త బలమేమీ పుట్టలేదు. అయినా సైకిలు ముందుకంటె తేలిగ్గా సాగుతుంది.

ఈ చిన్న సంగతిని పట్టుకునే 1950, 1960 దశకాల్లో ఇంగ్లండులోని కుర్రాళ్లు కొందరు, ఇంటి వెనుక షెడ్లలో, జేబులో ఉన్న కొద్దిపాటి డబ్బుతో, చిత్రమైన మోటారు సైకిళ్లు తయారుచేసుకున్నారు. వాటిని 'కెఫే రేసర్లు' అన్నారు. కెఫే అంటే మన కాఫీ హోటలే. లండను శివారులో, నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద, లారీ డ్రైవర్ల కోసం 1938లో వెలసిన 'ఏస్ కెఫే' వీళ్లకు పెద్ద అడ్డా. యుద్ధంలో బాంబులకు కూలి, 1949లో మళ్లీ లేచి, 1969లో మూతపడి, చాలా ఏళ్లకు తిరిగి తెరిచిన హోటలది. "వీళ్లేం రేసర్లు! ఈ హోటలు నుంచి ఆ హోటలు దాకా పరుగెత్తే రేసర్లు" అని లారీవాళ్లు వేళాకోళం చేస్తే ఆ పేరు వచ్చిందంటారు. వేళాకోళం పోయింది, పేరు నిలిచింది.

ఇదంతా ఇప్పుడు నేను తవ్వి తీయడానికి కారణం మా పదో తరగతి కుర్రాడొకడు. వాళ్ల తాతగారి పాత 350 సి.సి. బుల్లెట్టు పెరటి వసారాలో దుమ్ము కొట్టుకుని పడివుంది. నోటు పుస్తకం వెనుక అట్ట మీద బొమ్మ గీసుకుని వచ్చాడు. వంగిన హ్యాండిలు, ఒంటి సీటు, పొడుగాటి ట్యాంకు. "మాస్టారూ! దీన్నిలా మారిస్తే నూరు మైళ్లు కొడుతుందా? చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ముందు దేనికి ఖర్చు పెట్టాలి?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మీరూ కాగితం తీసుకోండి.

గాలి వసూలు చేసే పన్ను

ఆ ఇంగ్లీషు కుర్రాళ్ల వాడుకలో 'టన్ను' అంటే బరువు కాదు, గంటకు 100 మైళ్ల వేగం. సుమారు 160 కిలోమీటర్లు. సెకనుకు 44 మీటర్లకు పైమాట.

బండిని అడ్డుకునే గాలి బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలైతే గాలి నాలుగింతలు నెడుతుంది. పైగా అదే ఒక్క సెకనులో రెండింతల దూరం ఆ గాలిని తోసుకుపోవాలి. కాబట్టి ఇంజను చూపవలసిన సామర్థ్యం నాలుగింతలు కాదు, ఎనిమిదింతలు! అంటే వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుందన్నమాట.

అంకెల్లో చూద్దాం. మనిషి నిటారుగా కూర్చున్న మోటారు సైకిలుకు గంటకు 80 కిలోమీటర్ల వేగంలో గాలిని చీల్చడానికి ఉజ్జాయింపుగా 5 హార్స్ పవర్లు చాలు. అదే 160 కావాలంటే? 42 దాకా కావాలి. 1959లో వచ్చిన ట్రయంఫ్ బోనవిల్ 650 సి.సి. ఇంజను, ఆ రోజుల్లో పేరుమోసినది, ఇచ్చేదే 46. అందులో గేర్లూ గొలుసులూ తినేది పోగా చక్రానికి చేరేది ఇంకా తక్కువ. నిటారుగా కూర్చుంటే టన్ను అందీ అందనట్టుంటుంది.

ఇప్పుడు అదే మనిషిని ట్యాంకు మీద బోర్లా పడుకున్నట్టు వంచండి. గాలికి ఎదురు నిలిచే వైశాల్యం తగ్గింది, ఆకారం నున్నబడింది. నిరోధం మూడో వంతు తగ్గిందనుకుంటే 42 కాస్తా 28 అవుతుంది. ఇంజను ముట్టుకోకుండానే 14 హార్స్ పవర్లు చేతికొచ్చాయి! వీటికి అయిన ఖర్చెంత? బొత్తిగా డబ్బు లేనివాళ్లు చేసిన పని వింటే నవ్వొస్తుంది. మామూలు హ్యాండిలును విప్పి, తలకిందులుగా తిప్పి బిగించేవాళ్లు. కొంచెం డబ్బున్నవాళ్లు ముందు ఫోర్కు గొట్టాలకే నేరుగా బిగించే పొట్టి హ్యాండిళ్లు కొనుక్కునేవాళ్లు.

హ్యాండిలు దిగగానే ఇంకో ఇబ్బంది. ఒళ్లు ముందుకు వాలింది, కాళ్లు మాత్రం పాత చోటే ఉన్నాయి. పై శరీరం బరువంతా మణికట్ల మీద పడుతుంది. పది మైళ్లకే చేతులు తిమ్మిరెక్కుతాయి. అందుకని ఫుట్‌రెస్టులను వెనక్కి, కాస్త పైకి జరిపారు. అలా చేస్తే కాళ్లు ఒంటి బరువును పంచుకుంటాయి, మలుపులో బండిని వాల్చినప్పుడు ఫుట్‌రెస్టు నేలకు రాసుకోదు. అయితే గేరు పెడలుకు మధ్యలో ఒక కడ్డీ తగిలించాలి. దాన్ని ఎలా అమర్చామన్నదాన్ని బట్టి పైకి వేయాల్సిన గేరు కిందికి, కిందికి వేయాల్సినది పైకి పడే ప్రమాదముంది. తులాదండం పాఠంలో ఆధారం ఏ పక్కన ఉందో చూడమని నేను మీ ప్రాణం తీసేది ఇందుకే.

బరువు సంగతి వేరు

అందరూ పొరబడే చోటు ఇది. బరువు తగ్గిస్తే గరిష్ఠ వేగం పెరుగుతుందనుకుంటారు. చదునైన రోడ్డు మీద పెద్దగా పెరగదు. ఆ వేగంలో గాలితోనే అసలు పోరాటం, గాలి మీ బరువెంత అని అడగదు. బరువు తగ్గితే పెరిగేది త్వరణం. 180 కిలోల బండి, 60 కిలోల మనిషి, మొత్తం 240 కిలోలు. అందులో 20 కిలోలు తీసేస్తే అదే బలానికి త్వరణం 9 శాతం ఎక్కువ వస్తుంది. న్యూటను రెండో సూత్రంతో సరిచూసుకోండి. అందుకే ఉక్కు ట్యాంకు తీసి అల్యూమినియం రేకుతో చేసిన ట్యాంకు పెట్టేవాళ్లు. ఘన సెంటీమీటరుకు ఉక్కు 7.8 గ్రాములు తూగితే అల్యూమినియం 2.7 మాత్రమే. రెండో మనిషి సీటు పోయింది, గొలుసు మూత పోయింది, కొందరికి మడ్‌గార్డులూ పోయాయి. మన వానాకాలం రోడ్ల మీద మడ్‌గార్డు లేని బండి ఎక్కినవాడి వీపు చూస్తే చాలు, ఆ ముచ్చట తీరిపోతుంది.

రెండు బళ్ల సంధి

వీటన్నిటిలో నాకు ఎక్కువ నచ్చిన కథ 'ట్రైటను'ది. ఆ రోజుల్లో ట్రయంఫ్ కంపెనీ ఇంజనుకు మంచి పేరు. కాని దాని చట్రం, అంటే ఫ్రేము, మలుపుల్లో అంత నమ్మకమైంది కాదని వాడినవాళ్ల మాట. నార్టను కంపెనీ చట్రం మాత్రం అద్భుతం. దాన్ని రూపొందించినవాడు బెల్‌ఫాస్టుకు చెందిన రెక్స్ మెకాండ్లెస్. రెండు ఉక్కు గొట్టాలను రెండు చుట్లుగా వంచి, హ్యాండిలు దగ్గర ఒకదానికొకటి దాటించి అతికాడు. 1950లో ఆ చట్రం మీదే జెఫ్ డ్యూక్ ఐల్ ఆఫ్ మ్యాను ద్వీపంలో జరిగే సీనియర్ టి.టి. పందెం గెలిచాడు. దాని మీద కూర్చుంటే ఈకల పరుపు మీద ఉన్నట్టుందని ఒక పందెగాడు అనడంతో 'ఫెదర్‌బెడ్' అనే పేరు స్థిరపడింది. మన భాషలో చెప్పాలంటే హంసతూలికా తల్పం!

దాని గొప్పతనం మెత్తదనంలో లేదు, మెలిపడని గట్టిదనంలో ఉంది. మలుపులో చట్రం మెలిపడితే ముందు చక్రం ఒక తలంలో, వెనుక చక్రం ఇంకో తలంలో తిరుగుతాయి, బండి పాములా ఊగుతుంది. చట్రానికి గొట్టమే ఎందుకు? ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, దారం కట్టి నిలబెట్టి, మీద పుస్తకాలు పేర్చి చూడండి. అదే కాగితాన్ని మడత పెట్టి నిలబెడితే ఒక్క పుస్తకానికే కూలుతుంది. పదార్థం నడిమి అక్షానికి ఎంత దూరంగా ఉంటే వంపును అంత బాగా తట్టుకుంటుంది.

మరి అంత మంచి చట్రాలు పేద కుర్రాళ్లకు ఎలా దొరికాయి? ఆ కాలంలో 500 సి.సి. బుల్లి రేసు కార్లకు నార్టను వారి 'మ్యాంక్స్' ఇంజను కావలసి వచ్చేది. కంపెనీ ఇంజనును విడిగా అమ్మలేదు, బండి మొత్తం కొనమంది. కార్లవాళ్లు బండి కొని, ఇంజను ఊడదీసుకుని, చట్రాన్ని మూల పడేశారు. ఒకరికి పనికిరానిది ఇంకొకరికి నిధి అయింది. ఆ తరువాత దెబ్బతిన్న మామూలు నార్టను బళ్ల చట్రాలూ పాత సామాన్ల అంగళ్లలో దొరికేవి. వాటిలో ట్రయంఫ్ ఇంజను పెట్టారు. ట్రయంఫ్‌లోని మొదటి అక్షరం, నార్టనులోని చివరి అక్షరం కలిసి సంధి కుదిరింది. ట్రైటను!

పేరు కలిసినంత సులువుగా ఇనుము కలవలేదు. ఆ ఇంజను బోల్టు రంధ్రాలకూ ఈ చట్రం రంధ్రాలకూ పొంతన లేదు. మధ్యన దళసరి అల్యూమినియం పలకలు కావాలి. ఇంట్లో చేసుకునేవాడు ముందు అట్టముక్కతో నమూనా కత్తిరించేవాడు. కుదిరేదాకా అట్ట మీద అట్ట, ఖర్చు లేని పని. కుదిరాక ఆ గీతలు పలక మీదికి దించి, హ్యాక్‌సా బ్లేడుతో కోసి, ఆకురాయితో అరగదీసి, రంధ్రాలు వేసేవాడు. ఇంజను, గేరుపెట్టె, వెనుక చక్రం, వీటి పళ్లచక్రాలు ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే గొలుసు పక్కకు ఒరుసుకుని త్వరగా అరిగిపోతుంది, ఒక్కోసారి వేగంలో ఉండగా తెగి చక్రాన్ని పట్టేస్తుంది. రెండు చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో చూడడానికి యంత్రమేమీ అక్కర్లేదు. తాపీ మేస్త్రీ గోడకు లాగినట్టు వెనుక టైరు పక్కనుంచి ముందు టైరు దాకా దారం బిగలాగి చూస్తే తెలిసిపోతుంది.

ఇలా అతికిన బళ్లు పందేలకు పనికొచ్చాయా అంటారేమో! లండనులో చిన్న వర్క్‌షాపు నడిపిన డేవ్ డీగెన్స్, రెక్స్ బుచర్‌తో కలిసి, 1965లో బార్సిలోనా 24 గంటల పందెం ట్రైటను మీదే గెలిచాడు.

ఆగడానికి అయ్యే ఖర్చు

ఇంతవరకు మా కుర్రాడు కళ్లు మెరిపిస్తూ విన్నాడు. తరువాత లెక్క మొదలుపెట్టాను. గతిజశక్తి కూడా వేగం వర్గాన్ని బట్టే పెరుగుతుంది. 240 కిలోలు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉన్న శక్తి సుమారు 2,37,000 జౌళ్లు. బ్రేకు నొక్కితే అది మాయమవదు, ఉష్ణంగా మారుతుంది. ఆ ఉష్ణంతో లీటరు నీటిని 56 సెల్సియస్ డిగ్రీలు వేడెక్కించవచ్చు. ఆ వేడినంతా కొద్ది సెకన్లలో చక్రం మధ్యనున్న బ్రేకు డ్రమ్ములు మింగాలి. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూల నుంచి దూరం జరుగుతుంది, లైనింగు ఘర్షణ తగ్గుతుంది. అందుకే ఒకసారి బాగా పట్టిన బ్రేకు వెంటనే రెండోసారి నొక్కితే పట్టకపోవచ్చు.

దూరం చూడండి. పొడి రోడ్డు, మంచి టైర్లు, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి 35 మీటర్లు చాలు. 160లో 141 మీటర్లు. ప్రమాదం చూసి చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోగా గడిచే ఒక సెకనులో ఇంకో 44 మీటర్లు. ఆ రోజుల్లో అక్కడ హెల్మెట్ తప్పనిసరి కాదు, ఆ చట్టం 1973లో గాని రాలేదు. ఏస్ కెఫే చుట్టుపక్కల రోడ్ల మీద చాలామంది కుర్రాళ్లు తిరిగి రాలేదు. గ్రామఫోను పెట్టెలో నాణెం వేసి, పాట అయ్యేలోగా చుట్టు తిరిగి రావాలని పందెం కాసేవారని కథలున్నాయి. మూడు నిమిషాల పాట! మన రోడ్డు మీద అడ్డం వచ్చే గేదెకు ఆ పాట సంగతి తెలియదు.

ఇక బుల్లెట్టు లెక్క. 1955 నుంచి మద్రాసులో తయారైన ఈ బండి పాత 350 సి.సి. ఇంజను సామర్థ్యం 18 హార్స్ పవర్లు. వంగి కూర్చున్నా టన్నుకు కావలసినవి 28. హ్యాండిలు మార్చినా, మడ్‌గార్డులు పీకినా, ట్యాంకు కొత్తది పెట్టినా ఆ 10 ఎక్కడినుంచీ రావు. వాడి ముఖం చిన్నబోయింది. నాకూ జాలి వేసింది, కాని అంకెలు దిద్దలేను కదా!

ఇంకో చిక్కు కూడా చెప్పాను. నమోదు పత్రంలోని వివరాలకు భిన్నంగా బండి రూపు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకోదు. చట్రం కోయడం, వేరే ఇంజను పెట్టడం అంటే కాగితాలతో సహా చిక్కుల్లో పడ్డట్టే. గేరు బండికి లైసెన్సు రావాలంటే వాడికి పద్దెనిమిదేళ్లు నిండాలి, ఇంకా మూడేళ్లుంది.

వాడు కాసేపు అట్ట మీది బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. తరువాత పుస్తకం తిప్పి కొత్త పేజీలో రాసుకున్నాడు: బ్రేకు షూలు, బ్రేకు కేబుళ్లు, రెండు టైర్లు, గొలుసు, చక్రాల ఊచలు బిగింపు. ట్యాంకుకు రంగు అన్నది అన్నిటికంటె కింద ఉంది. మొన్న ఆదివారం ముందు చక్రం విప్పాడట. డ్రమ్ము లోపల లైనింగు అరిగి రివెట్లు బయటపడ్డాయని, వాటిని కాగితంలో చుట్టి తెచ్చి చూపించాడు. ఒక్కో రివెట్టు తల నిగనిగ మెరుస్తోంది. తాతగారు ఎన్నేళ్లుగా ఆ రివెట్లతోనే బండి ఆపుకుంటూ వచ్చారో!