తెలియదనగల మాస్టారు

సైన్సు ఫెయిరునాడు ఏ ఉన్నత పాఠశాల ఆవరణలో అడుగిడినను మనకు ముందుగా ఎదురగునది థర్మాకోలుతో చేసిన అగ్నిపర్వతము. వంటసోడాపై వెనిగరు పోయగానే దాని నోటినుండి ఎఱ్ఱని నురుగు పొంగును. తల్లిదండ్రులు చప్పట్లు చఱతురు. ముఖ్య అతిథిగా విచ్చేసిన అధికారి ఫొటో దిగి పక్క బల్లకడకు సాగిపోవును. ఇందులో దోషమేమియు లేదు. కాని ఆ నురుగు పొంగునని బాలునకు నిన్ననే తెలియును, మాస్టారికి ఏండ్ల తరబడి తెలియును, చూడవచ్చినవారికిని తెలియును. అందఱకును ముందే తెలిసినదానిని మరల చేసి చూపుట ప్రదర్శన మగును గాని పరిశోధన కాజాలదు. ఫలితమేమగునో బోధించువానికిని తెలియని స్థితిలో మొదలుపెట్టిన పనియే పరిశోధన. విద్యార్థులను శాస్త్రమార్గమున నడిపించి పేరుగాంచిన పాఠశాలోపాధ్యాయుల కథలు పరికించినచో, వారి పాండిత్యముకన్నను, తమకు తెలియదని తరగతి యెదుట నిస్సంకోచముగా చెప్పగల గుణమే నాకు ముందుగా కానవచ్చుచున్నది.

ఇంగ్లండులోని కెటరింగ్ గ్రామర్ స్కూలులో భౌతికశాస్త్రము బోధించిన జెఫ్రీ పెరీ ఇట్టివాడు. రసాయనశాస్త్రోపాధ్యాయుడైన సహచరుడు డెరిక్ స్లేటరుతో కలిసి, ఖరీదైన పరికరములేవియు లేకయే, ఒక రేడియో రిసీవరును బడిలో నెలకొల్పి, సోవియట్ ఉపగ్రహములు పంపు సంకేతములను ఆయన పిల్లలచేత వినిపించెను. ఏ ఉపగ్రహము ఏ వేళకు తలపైనుండి పోయినదో, మరల ఎంతసేపటికి వచ్చినదో బాలురు వ్రాసికొనుచుండిరి. 1966 మార్చిలో ఎగిరిన కాస్మోస్ 112 వారి లెక్కలకు లొంగలేదు. దాని కక్ష్య భూమధ్యరేఖతో చేయు కోణము అంతకుముందరి వానికంటె భిన్నముగా నుండెను. ఆ యేడే అక్టోబరులో కాస్మోస్ 129 ఎగురగా, రెండింటి మార్గములను వెనుకకు పొడిగించి చూచిరి. అవి కలిసికొన్నచోటు బైకనూరు ప్రయోగకేంద్రము కాదు, ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్క్ ప్రాంతము. తమకు అట్టి ప్రయోగకేంద్రమొకటి కలదని సోవియట్ ప్రభుత్వము బహిరంగముగా ఒప్పుకొన్నది 1983లో! అగ్రరాజ్యము దాచిన రహస్యమును ఒక బడి బయటపెట్టినదన్న విశేషమును అటుంచి, బాలురు అచట పట్టుకొన్నది లెక్కకు సరిపడని ఒక్క అంకె యని, దానిని పొరపాటుగా కొట్టివేయక మాస్టారు నిలువనిచ్చెనని గమనింపవలెను. మన ప్రయోగశాల రికార్డులలో అట్టి అంకెకు ఎన్నడు చోటు దక్కినది? పుస్తకములోని విలువ రాకున్న, వచ్చినట్లు వ్రాయుటయే మనము మొదట నేర్చుకొన్న విద్య గదా!

తెలుగునాట ఇట్టి బుద్ధి లేదనరాదు. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల విద్యార్థిని యొకతె, హరితహారములో మొక్కలు నాటునపుడు నర్సరీవారి నల్లని ప్లాస్టిక్ సంచులు కుప్పలుగా మిగులుటను చూచి, ఆ ప్రాంతమున విరివిగా పండు వేరుసెనగ కాయల పొట్టుతో మొక్కల కుండీలు చేయబూనినది. కుండీతో సహా నాటినచో అది మట్టిలోనే కలిసిపోవును. ఆమెకు తోడు నిలిచినది సైన్సు మాస్టారు కాదు, లెక్కల మాస్టారు. ఆ కుండీలను ఒత్తి తీయుటకు తగిన యంత్రమును తరువాత హైదరాబాదులోని టీ-వర్క్స్ సంస్థ రూపొందించినది. నగరమునుండి కిట్టు తెప్పించి చేసిన పనిగాక, ఊరి పంటనుండియు ఊరి చెత్తనుండియు పుట్టిన ప్రశ్న యగుటచేత ఇది నాకు మిక్కిలి నచ్చినది.

ఇక ఖమ్మము సీమకు వత్తము. కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము పోవు బాటలో మిరప చేలు, పత్తి చేలు క్రమముగా వెనుకబడి టేకు, తునికి, ఇప్ప, మద్ది చెట్లు దారికి ఇరువైపుల దగ్గఱగును. ఇచ్చటి ఆశ్రమ పాఠశాలలలో చదువు కోయ బాలబాలికలకు అడవి పాఠ్యాంశము కాదు, ఇంటి పెరడు. మైదానమునుండి బదిలీపై వచ్చిన మాస్టారికి పది చెట్ల పేర్లు తెలిసినచో ఏడవ తరగతి పిల్లకు అంతకు ఎన్నో రెట్లు తెలియును, అదియు కోయభాషలో. పాఠము చెప్పువానికంటె వినువానికి వస్తువు ఎక్కువ తెలిసిన తరగతి దేశములో అరుదు. తెలియదనగల మాస్టారికి ఇంతకంటె అనువైన చోటు దొరకదు. తెలియదనలేని మాస్టారు మాత్రము ఇచ్చట పుస్తకము తెఱచి, బాలలు చూడని మొక్కల బొమ్మలు నల్లబల్లపై గీయుచు కూర్చుండును.

ఒక్క తునికాకునే తీసికొందము. బీడీల కొరకు వేసవిలో ఈ ఆకు కోసి, ఏబది ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లములో ఎండబెట్టుట ఇచ్చటి కుటుంబములకు ముఖ్యమైన రాబడి. కోతకు కొన్ని వారముల ముందు పొదలను నరికించినచో లేత చిగుళ్లు వచ్చి మంచి ఆకు దొరకునని అందఱు నందురు. ఎంత మంచిది? నరికిన పొదనుండి ఇరువది, నరకని పొదనుండి ఇరువది ఆకులు తెప్పించి, ఒక్కొక్కదానిని గ్రాఫు కాగితముపై పరచి, అంచు వెంబడి పెన్సిలు త్రిప్పి, లోపలి గళ్లు లెక్కింపజేయవచ్చును. సగమునకు మించి నిండిన గడి ఒకటి, తక్కువ నిండినది సున్న. రూపాయి ఖర్చు లేని పని. కాని గళ్లు లెక్కించుచుండగానే వివాదములు పుట్టును. పొదలోని ఏ కొమ్మనుండి కోయవలెను? పెద్ద ఆకులనే ఏరి తెచ్చినవాని లెక్క చెల్లునా? నీడలోని పొదను ఎండలోని పొదతో పోల్చవచ్చునా? ఈ తగవులాటయే శాస్త్రపద్ధతి. దానిని తీర్పరి వలె ముగింపక సాగనిచ్చుటలోనే గురువు నేర్పు కలదు. ఒక చిక్కు మాత్రమున్నది. ఆకుకోత వేసవి సెలవులలో పడును. అడవి పంచాంగమునకు విద్యాశాఖ పంచాంగమునకు ఏనాడును పొత్తు కుదరలేదు.

గోదావరియు ఇట్టి పాఠమే. భద్రాచలమున నీటిమట్టము 43 అడుగులైన మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయిన రెండవది, 53 అయిన మూడవది యెగురవేయుదురని ఈ తీరమున పసివారికి సైతము కంఠస్థము. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినవి. ఎగువనున్న పేరూరు మట్టమును, భద్రాచలము మట్టమును వానకాలమంతయు పత్రికలనుండి గంటల వారీగా ఎత్తి వ్రాసికొనిన తరగతి, పేరూరులో పెరిగిన నీరు తమ ఊరికి ఎంతసేపటికి చేరునో తానే కనుగొనగలదు. రెండు వక్రరేఖలు గీసి ఒకదానిని పక్కకు జరుపుచు శిఖరములు కలియువఱకు చూచిన చాలును. ఒకానొక వరదలో ఆ లెక్క తప్పును. దిగువ కూనవరముకడ శబరి పోటెత్తి గోదావరి నీటిని త్వరగా దిగనీయకున్నచో ఇచ్చట మట్టము తగ్గుట ఆలస్యమగునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట ఎంతవఱకు నిజమో చెప్పవలసినది శబరి అంకెలే. కెటరింగు బాలురకు కాస్మోస్ 112 ఎట్టిదో ఈ పిల్లలకు ఆ వరద అట్టిది.

ఇల్లెందు చెంత 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు కనుగొన్న బొగ్గుపొరల సంగతియు చెప్పవలసి యున్నది. గోదావరి లోయలో బొగ్గునంటి యుండు పలకరాళ్లను చీల్చినచో ఒక్కొక్కపుడు నాలుకవంటి ఆకు అచ్చు, నడుమ ఈనెతో సహా, బయటపడును. అది ఇరువదియైదు కోట్ల సంవత్సరములకు పైబడిన గ్లోసాప్టెరిస్. దక్షిణధ్రువమునుండి తిరిగివచ్చుచు 1912లో మరణించిన కెప్టెన్ స్కాటు బృందము మోసికొని వచ్చిన రాళ్లలోను ఈ ఆకే యున్నది. సింగరేణి బొగ్గుగని కార్మికుని బిడ్డ చేతిలోని రాయికి అంటార్కిటికాతో చుట్టరికమును చూపుటకు మాస్టారికి ఒక ప్రపంచపటము చాలును.

ప్రభుత్వపక్షమున ప్రోత్సాహము లేకపోలేదు. స్థానిక సమస్యపై బాలలు తామే పరిశోధించి లాగ్‌బుక్కుతో సహా నివేదింపవలెనను నియమముతో జాతీయ బాలల సైన్సు కాంగ్రెసు 1993 నుండి జరుగుచున్నది. ఇన్‌స్పైర్ మానక్ పథకము ఎన్నికైన విద్యార్థికి రూ. 10,000 ఇచ్చుచున్నది. ఆ సొమ్ముతో పట్టణపు దుకాణమున తయారు మోడలు కొని తెచ్చువారును కలరు. ఆ మాట దాచనేల? మధ్యప్రదేశములో 1972లో పదునాఱు మాధ్యమిక పాఠశాలలతో మొదలై వందలకు విస్తరించిన హోషంగాబాదు సైన్సు బోధన కార్యక్రమము ఇంతకంటె లోతునకు పోయినది. దాని పాఠ్యపుస్తకములో ప్రశ్నలే గాని జవాబులు లేవు. పరీక్షకు పుస్తకము వెంట తీసికొని పోవచ్చును. మూడు దశాబ్దములు నడచిన పిమ్మట 2002లో ప్రభుత్వోత్తరువుతో అది నిలిచిపోయినది. జవాబులు లేని పుస్తకమును భరించుట వ్యవస్థలకు కష్టము.

మన ఏజెన్సీ బడులలో కష్టము మఱియొక రూపున నుండును. పదవ తరగతి ఉత్తీర్ణతా శాతమునకే లెక్కచెప్పవలసిన మాస్టారు ఆకుల గళ్లు లెక్కించుచు కూర్చుండిన, తనిఖీకి వచ్చినవారు ఏమనుకొందురోయను జంకు ఒకటి. ఉత్సాహవంతుడు బదిలీయైనచో పని అంతటితో ఆగుట మఱియొకటి. మొదటిదానికి నా వద్ద మందు లేదు. రెండవదానికి మాత్రము ఒక చిన్న ఉపాయము తోచుచున్నది: లాగ్‌బుక్కు ఏ విద్యార్థిదియు, ఏ మాస్టారిదియు కాక, హాజరుపట్టీ వలె పాఠశాలదై బీరువాలో నుండవలెను. ఈ యేటి వరద అంకెల క్రింద వచ్చే యేటి అంకెలు, నేటి తునికాకు గళ్ల క్రింద మఱునాటి గళ్లు చేరుచుండవలెను. ఎన్నడో బడి విడిచిపోయిన అక్క వ్రాసిన అంకె తప్పని ఏడవ తరగతి పిల్లవాడొకడు ఆ పుస్తకము పట్టుకొని క్రొత్త మాస్టారితో వాదమునకు దిగినచో, ఆ సంవత్సరపు ప్రాజెక్టు దొరికినట్లే.