చిన్న జీతం, పెద్ద నగరం: గీతకు అటూ ఇటూ కాని కుటుంబాలు

సహాయం కోరుతూ వచ్చే దరఖాస్తుల్లో వితంతువులు, వృద్ధులు, అనాథ పిల్లలు, దీర్ఘరోగులు ముందు వరుసలో ఉంటారు. ఉండాలి కూడా. అయితే దరఖాస్తు పెట్టని వారు కొందరున్నారు. నెలనెలా జీతం అందుకుంటారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉద్యోగానికి వెళతారు. జుమా రోజున సఫ్‌లో మన పక్కనే నిలబడతారు. చందా పుస్తకం తీసుకెళితే యాభయ్యో వందో రాయించి పంపుతారే తప్ప తమ సంగతి చెప్పరు. ప్రైవేటు స్కూలు టీచరు, ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, బట్టల షాపులో లెక్కలు రాసే గుమాస్తా, కొరియర్ కంపెనీ సూపర్‌వైజర్ ఇలాంటి వారే. హైదరాబాదు వంటి నగరంలో ఈ జీతంతో కాస్త నిశ్చింతగా బతకడం సాధ్యమేనా, ఎక్కడ తెగుతోంది, దాతలుగా మనం ఎక్కడ చేయి వేస్తే ఉపయోగం అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాం.

ముందుగా వీరి స్థానం ఏమిటో చూద్దాం. తెలంగాణలో నగర ప్రాంతాల కుటుంబానికి ఆహారభద్రత కార్డు రావాలంటే ఏడాది ఆదాయం 2 లక్షల రూపాయలు దాటకూడదు. నెలకు లెక్క కడితే 16,666 రూపాయలు. ఈ కార్డు ఒక్క బియ్యానికే పనికొచ్చేది అనుకోకండి. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం దీని మీదే ఇస్తున్నారు. 2024 మార్చి నుంచి అమలవుతున్న 200 యూనిట్ల ఉచిత కరెంటుకు ఇదే ఆధారం. 10 లక్షల వరకు పెంచిన ఆరోగ్యశ్రీకీ అంతే. ఆడపిల్ల నికాహ్‌కు ఇచ్చే షాదీ ముబారక్ 1,00,116 రూపాయలకు కూడా నగరాల్లో ఆదాయ పరిమితి ఆ 2 లక్షలే. అంటే 16 వేల జీతగాడికి వీటన్నిటికీ దారి ఉంది. 18 వేల జీతగాడికి ఒక్కటీ లేదు. నికరంగా చూస్తే 16 వేల వాడే మెరుగు.

రెండో గీత ఈఎస్ఐ. 2017 నుంచి దీని జీతం పరిమితి 21,000 రూపాయలు. ఉద్యోగి జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే కుటుంబం మొత్తానికి వైద్యం, జబ్బుపడి సెలవు పెట్టిన రోజులకు కొంత భృతి దక్కుతాయి. 20 వేల జీతగాడి వాటా నెలకు 150 రూపాయలే. ఆ డబ్బుకు నగరంలో ఇంత రక్షణ మరెక్కడా రాదు. ఇప్పుడు యజమాని సంతోషించి జీతం 20,500 నుంచి 22,000కు పెంచాడనుకోండి. అందరం ముబారక్ చెబుతాం. ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి అని చందా కాలాలు ఉంటాయి కాబట్టి ఆ కాలం ముగిసేదాకా ఈఎస్ఐ నడుస్తుంది. తర్వాత చందా ఆగిపోతుంది, కొంత కాలానికి వైద్యమూ ఆగిపోతుంది. పెరిగిన 1,500 రూపాయలు ఒక్క డెంగీ జ్వరం ముందు నిలబడవు.

ఇలా సర్కారు గీతకు పైన, బజారు ధరకు కింద ఇరుక్కున్న కుటుంబం లెక్క ఎలా ఉంటుందో ఊహగా వేద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, జీతం 22,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోగా చేతికి 20,000. అద్దె 7,000. బియ్యం, పప్పు, నూనె వగైరా 4,500. కూరగాయలు, పాలు, మాంసం 3,000. పిల్లల ఫీజు ఇద్దరికీ కలిపి 1,800. పెట్రోలు 1,200. గ్యాసు, కరెంటు, ఫోను 1,500. చిల్లర మందులకు 500. మొత్తం 19,500. మిగిలేది 500 రూపాయలు.

ఇందులో దుబారా ఎక్కడుందో వెతికి చూడండి. సిగరెట్టు లేదు, హోటల్ లేదు, పండక్కి బట్టలు కూడా రాయలేదు. ఇలాంటి ఇంటికి పొదుపు మీద ఉపదేశం చేసేవారిని చూస్తే మాకు కొంచెం చిరాకు. ఆ ఇల్లాలికి తెలిసినంత పొదుపు మనలో చాలామందికి తెలియదు.

నెలవారీగా చూస్తే ఈ ఇల్లు గడుస్తుంది. ఎవరికీ చేయి చాచకుండా గడుస్తుంది. తెగేది ఒక్కసారిగా పెద్దమొత్తం కావలసి వచ్చినప్పుడు. అలాంటి సందర్భాలు నాలుగే: ఇల్లు మారడం, జూన్ నెల, ఆసుపత్రి, పెళ్లి. ఆసుపత్రి, పెళ్లి అందరికీ తెలిసినవే. మొదటి రెంటి గురించి చెప్పాలి.

హైదరాబాదులో ఇంటి అడ్వాన్సు సాధారణంగా రెండు మూడు నెలల అద్దె. బెంగళూరులో పది నెలలు అడిగే ఆనవాయితీతో పోలిస్తే నయమే. కానీ 7,000 అద్దెకు మూడు నెలల అడ్వాన్సు 21,000, మొదటి నెల అద్దె 7,000, సామాను ట్రాలీ, బ్రోకరు ఉంటే అతని కమీషను. పాత ఇంటి యజమాని రంగులు వేయించాలని ఒక నెల అద్దె పట్టుకుని మిగతాది ‘వచ్చే వారం’ అంటాడు. ఇల్లు మారితే పిల్లల బడి కూడా మారవచ్చు, అప్పుడు మళ్లీ అడ్మిషన్ ఫీజు. యజమాని ఏటా వెయ్యి పెంచుతానన్నా వీరు నోరు మూసుకుని ఒప్పుకునేది ఇందుకే. ఖాళీ చేసే స్తోమత లేదు.

జూన్ సంగతి పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. నెలకు 1,800 అని రాశాం గానీ బడి ఆ లెక్కన తీసుకోదు. టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అన్నీ ఒకే పక్షంలో వచ్చిపడతాయి.

అప్పుడు ఏం చేస్తారు? ఇల్లాలి గాజులు తాకట్టు దుకాణానికి వెళతాయి, లేదా చేబదులు వడ్డీకి వెళతారు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే 20,000కు నెలకు 600. ఆ ఇంట్లో మిగులు 500 అని ఇందాక చూశాం. ఆ 500 మొత్తం కట్టినా నెలకు వంద బాకీ పెరుగుతూనే ఉంటుంది. వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా, 40 నెలల పాటు 20,000 కట్టిన తర్వాత కూడా 24,000 అప్పు నిలిచి ఉంటుంది. రోజువారీ ఫైనాన్సు ఇంకా ఘోరం. 10,000 అప్పు అని రాసుకుని చేతికి 9,000 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ అసలు మొదటి రోజు నుంచే తగ్గుతూ వస్తోంది కనుక, ఏడాది లెక్కన ఇది 75 శాతం దాటుతుంది. ఫోన్లో అయిదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల దగ్గర వడ్డీతో పాటు పరువు కూడా పోతుంది. బాకీ ఆలస్యమైతే ఫోన్లో ఉన్న బంధువులందరికీ సందేశాలు పంపే యాప్‌లు ఉన్నాయి. వడ్డీ హరామ్ అని తెలియక వెళ్లేవారు వీరిలో లేరు. మనం తలుపు తెరిచి ఉంచలేదు కాబట్టి అటు వెళుతున్నారు.

ఇదే జీతంతో నిలదొక్కుకున్న కుటుంబాలూ ఉన్నాయి. వారి పద్ధతులు దాతలకు కూడా తెలియడం మంచిది, ఎందుకంటే సలహా అడిగినవారికి చెప్పవచ్చు. మొదటిది ఇంటి ఎంపిక. అద్దె 1,500 తగ్గుతుందని ఊరి చివరకు పది కిలోమీటర్లు జరిగితే, రానూపోనూ రోజుకు 20 కిలోమీటర్లు పెరుగుతాయి. నెలకు 26 పని దినాలు, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి, లీటరు 107 రూపాయలు అనుకుంటే పెట్రోలుకే 1,200 పైన. మిగిలేది 300 కూడా ఉండదు, పైగా రోజుకు గంట పోతుంది. అదే దూరమైనా రైలు దారిలో ఉంటే వేరే మాట. 2003లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు ఫలక్‌నుమా వైపు నుంచి బేగంపేట, హైటెక్ సిటీ, లింగంపల్లి వరకు నగరాన్ని కలుపుతాయి. సీజన్ టికెట్టు ఖర్చు పెట్రోలులో చిన్న భాగం. రైళ్ల వేళలు డ్యూటీకి కుదరాలి, అదొక్కటే చిక్కు. కార్డు ఉన్న కుటుంబమైతే వేరే కరెంటు మీటరు ఉన్న పోర్షన్ వెతుక్కోవాలి. నాలుగు కాపురాలకు ఒకే మీటరు ఉంటే 200 యూనిట్లు పది రోజుల్లో దాటిపోతాయి, ఉచితం ఎవరికీ రాదు.

రెండోది ఇల్లాలి సంపాదన. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు ప్రయాణం ఉచితం. దీనికి ఆదాయ పరిమితి లేదు, కాబట్టి మనం చెబుతున్న కుటుంబాలకు కూడా వర్తిస్తుంది. ఇంతకుముందు 6,000 జీతానికి బస్సు ఖర్చు పెట్టుకుని వెళ్లడం దండగ అనిపించేది. ఇప్పుడు ఆ ఉద్యోగం లెక్కలోకి వస్తుంది. ఇంటి నుంచే కుట్టుపని, ట్యూషన్ చేసేవారు సరుకుల కోసం నెలకోసారి బేగంబజారుకు వెళ్లి రావడానికి కూడా పైసా ఖర్చు లేదు. వీధి చివరి కిరాణాలో ఖాతా పెట్టి కొనే ఇంటికీ, నెలకోసారి నగదుతో కొనే ఇంటికీ తేడా చాలా ఉంటుంది. నగదు చేతిలో ఉంటేనే ఆ తేడా దక్కుతుంది, అది వేరే సంగతి.

మూడోది పాట లేని చిట్టీ. పదిమంది తెలిసినవారు నెలకు వెయ్యి చొప్పున వేసుకుని, చీటీ తీసి ఒకరికి పదివేలు ఇస్తారు. తోపు లేదు, కమీషను లేదు. జూన్ అవసరం ఉన్నవారికి జూన్ చీటీ వదిలేసే సర్దుబాటు కూడా ఉంటుంది. పదిమందిలో ఒకరు ఎగ్గొడితే చెడుతుంది కనుక బాగా తెలిసినవారి మధ్యే నడవాలి. జబ్బు ఖర్చు వచ్చినప్పుడు పీఎఫ్‌లో ఉన్న సొంత సొమ్మును కూడా చాలామంది మరిచిపోతారు. వైద్యం కోసం అందులోంచి అడ్వాన్సు తీసుకోవచ్చు.

ఇక మన వంతు. దాతలు తరచుగా రేషన్ కిట్లకు ఇస్తారు. అవి కావలసిన ఇళ్లకు అవి వెళ్లాల్సిందే. జీతం మీద బతికే ఇంటికి నెల కిట్టు కంటే ఒకసారి అందే ఖర్జె హసన మేలు. అదే 20,000 వడ్డీ లేకుండా ఇచ్చి, ఆ ఇంటి మిగులు 500నే వాయిదాగా తీసుకుంటే 40 నెలల్లో అప్పు పూర్తిగా తీరుతుంది. వడ్డీవ్యాపారి దగ్గర ఆ 40 నెలల తర్వాత ఏం మిగిలిందో పైన రాశాం. లక్ష రూపాయలు అయిదు కుటుంబాలకు ఇస్తే నెలకు 2,500 తిరిగి వస్తాయి. ప్రతి ఎనిమిది నెలలకు మరో కుటుంబానికి ఇవ్వవచ్చు. ఇంటి అడ్వాన్సుకైతే నేరుగా యజమానికి చెల్లించి రసీదు తీసుకోవచ్చు. బడికైతే ఫీజు బడికే కట్టి, కుటుంబం నుంచి నెలనెలా తీసుకోవచ్చు. చేతికి ఇచ్చి సంతకం పెట్టించుకునే ఇబ్బంది, ఫొటో దిగే అవమానం రెండూ ఉండవు. జకాత్ సొమ్మును ఇలా అప్పుగా తిప్పడం మీద ఉలమాల అభిప్రాయం ఒకటిగా లేదు. అందువల్ల ఈ నిధికి జకాత్ కాని విరాళాలనే వాడాలని మా అభిప్రాయం. వడ్డీ అప్పులో నిజంగా మునిగిపోయి తీర్చే దారి లేనివారి సంగతి వేరు. రుణగ్రస్తులు జకాత్ హక్కుదారుల్లో ఉన్నారు.

మరో మాట, కొంచెం చనువుతో. ఈ సంచిక చదివే దాతల్లో చాలామందికి దుకాణాలు, వర్క్‌షాపులు, స్కూళ్లు, క్లినిక్కులు ఉన్నాయి. పైన చెప్పిన జీతగాళ్లు కొందరు మీ దగ్గరే పనిచేస్తున్నారు. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న దుకాణానికి ఈఎస్ఐ వర్తిస్తుంది. 20 వేల జీతానికి యజమాని వాటా 650 రూపాయలు. ఏడాదికి 7,800. రంజాన్‌లో అదే మనిషికి ఇచ్చే కిట్టు విలువతో దీన్ని పోల్చి చూడండి. జీతం 21,000 దాటించబోతున్నారా, అయితే ఈఎస్ఐ పోయాక ఆ కుటుంబానికి ఒక ఆరోగ్య ఏర్పాటు ఏమిటో కూడా ఆ రోజే మాట్లాడండి. జీతం ఒకటో తేదీన ఇవ్వండి. అద్దె అయిదో తేదీకి, జీతం పన్నెండో తేదీకి అయితే ఆ వారం రోజుల కోసమే రోజువారీ ఫైనాన్సు గుమ్మం తొక్కేవారున్నారు. మే నెలాఖరులో ఒక నెల జీతం ముందుగా ఇచ్చి, పది నెలల్లో కోసుకునే పద్ధతి పెడితే జూన్ ఫీజు గట్టెక్కుతుంది. దానికి ఏ సంస్థ తీర్మానమూ అక్కర్లేదు, ఏ రసీదు పుస్తకమూ అక్కర్లేదు.