పిల్లల కాళ్లు వంకరపోవడం: కారణాలు, జాగ్రత్తలు

"సిస్టర్, పిల్లోని కాళ్లు వంకరగా ఉన్నాయి, పెద్దయితే సర్దుకుంటాయా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. దీనికి జవాబు బిడ్డ వయసును బట్టి, కారణాన్ని బట్టి ఉంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో ముఖ్య కారణాలు రికెట్స్, ఎముకల క్షయ, పోలియో. చిన్ననాడే తుంటి జబ్బుతో కుంటివారైన నర్సు ఆగ్నెస్ హంట్, ఎముకల వైద్యులు రాబర్ట్ జోన్స్ కలిసి నడిపిన ఆసుపత్రి 1921లో ఆస్వెస్ట్రీకి మారింది. అక్కడి నర్సులు చుట్టుపక్కల ఊళ్లలో క్లినిక్కులు పెట్టి పిల్లల కట్లు, స్ప్లింట్లు సరిచూసేవారు. గాలి, ఎండ, మంచి ఆహారం, విశ్రాంతి ఆనాటి వైద్యంలో పెద్ద భాగం.

మనకు ఎండకు కొదవ లేదు. మన చిక్కు నీళ్లలో ఉంది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలైన వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుము, మెడ బిగుసుకుపోయిన వారిని పరీక్షించి, తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని వ్రాశారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు, ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఎదిగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వివరించారు.

ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. ఆహారంలో కాల్షియం తక్కువైన పిల్లలకు హాని ఎక్కువ. ఫ్లోరైడ్ వల్ల వంగిన ఎముకను మందులు తిరిగి సరిచేయలేవు, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. అందుకే నివారణే ముఖ్యం. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. పులివెందుల వైపు కొన్ని బోర్లలో ఇది ఎక్కువగా ఉంది. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతి గాని, ఫ్లోరైడ్ తీసే ఫిల్టరు గాని కావాలి.

తల్లిదండ్రులు గమనించవలసినవి:

1. రెండేళ్లలోపు కాళ్లు కొంచెం విల్లులా ఉండడం, 3–4 ఏళ్లప్పుడు మోకాళ్లు తగలడం సాధారణంగా మామూలే. ఏడేళ్లు దాటినా తగ్గకపోయినా, ఒక కాలే వంగినా, నొప్పి, కుంటు ఉన్నా డాక్టరుకు చూపండి.

2. పాదం లోపలికి తిరిగి పుట్టిన బిడ్డను మొదటి వారాల్లోనే తీసుకురండి. వారం వారం పిండికట్టు మారుస్తూ, తర్వాత బూట్లు తొడిగించి చాలామందికి సరిచేయవచ్చు. బూట్లు మధ్యలో మానితే పాదం మళ్లీ తిరుగుతుంది.

3. పిల్లల పళ్లపై తెల్లని గీతలు, గోధుమరంగు మచ్చలు కనబడితే నీళ్లు పరీక్ష చేయించండి.

4. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు పెట్టండి. రోజూ కొంతసేపు ఎండలో ఆడనివ్వండి.

5. నాటు కట్లతో, మర్దనలతో కాలయాపన చేయవద్దు.

ఒక బిడ్డ పళ్లపై మచ్చలు కనబడితే, ఆ బోరు నీళ్లు తాగే వీధిలోని పిల్లలందరినీ చూపించండి. వంకర కాలి బిడ్డను ఇంట్లో దాచకండి. చిన్న వయసులో వస్తే చేయగలిగింది ఎక్కువ.