మంద్రం అడిగే పొడవు, చెయ్యి ఒప్పుకునే పొడవు

34 అంగుళాలు. బేస్ గిటార్ కొనడానికి వెళ్ళేవాళ్ళు ధరా రంగూ అడుగుతారు గానీ ఈ అంకె అడిగేవాళ్ళు తక్కువ. మెడ చివర తీగ ఆనే చోటు నుంచి కింద పెట్టె మీద ఆనే చోటు దాకా ఉన్న పొడవు అది. సెంటీమీటర్లలో 86 మీద కాస్త. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు ఈ కొలత పెట్టాడు. ఇవాళ బజారులో దొరికే బేస్ గిటార్లలో ఎక్కువ వాటికి అదే కొలత.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తయారయ్యే వీణకు కూడా ఓసారి టేపు పట్టండి. మేరువు నుంచి గుర్రం దాకా, అంటే తీగ ఆనే ఆ రెండు చోట్ల నడుమ, 80కీ 90కీ మధ్య ఎక్కడో తేలుతుంది, సెంటీమీటర్లలోనే. అంటే పనస దుంగలోంచి తొలిచిన వీణా, ఫ్యాక్టరీలో బిగించిన బేస్ గిటారూ తీగ పొడవులో ఇంచుమించు సమానం. అయినా పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో చర్చి బృందంలోనో బేస్ వాయించే కుర్రాడు అరచెయ్యి లాగేస్తోందంటాడు, వీణ నేర్చుకునే పిల్ల భుజం నొప్పంటుంది. ఒకే పొడవు ఇద్దరినీ రెండు చోట్ల ఎందుకు పట్టుకుంటుంది?

ముందు అసలు అంత పొడవెందుకో చూద్దాం. తీగ ఎంత పొడవైతే, ఎంత బరువైతే, ఎంత వదులైతే స్వరం అంత కిందికి దిగుతుంది. బేస్ గిటార్ మీద అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మిగతా మూడూ 55, 73, 98. వీణను మూడు శ్రుతికి కట్టారనుకుందాం, అంటే హార్మోనియం మీద సి నుంచి మూడో తెల్ల మెట్టు. అప్పుడు వాయించే నాలుగు తీగల్లో సారణి 165, పంచమం 124, మంద్రం 82, అనుమంద్రం 62 దగ్గర పలుకుతాయి. వీణ అనుమంద్రం బేస్ గిటార్ రెండో తీగకూ మూడో తీగకూ మధ్య ఇమిడిపోతుందన్నమాట. మనవాళ్ళు బేస్ అంటే ఇళయరాజా పాటల్లో వినిపించేదే అనుకుంటారు గానీ, ఆ లోతుకు దగ్గర్లో ఉన్న తీగ మన ఊళ్ళ వీణల మీద ఎప్పటినుంచో ఉంది.

పొడవు తగ్గించి అదే స్వరం కావాలంటే తీగను వదులు చెయ్యాలి, లేదా లావు చెయ్యాలి. పొట్టి బేస్ గిటార్ల తీగ పొడవు సాధారణంగా 30 అంగుళాలు. అదే తీగను అదే స్వరానికి కడితే 34 మీద కంటే బిగువు 22 శాతం తగ్గుతుంది. వేళ్ళకు హాయి. కానీ వదులైన తీగ మీద లావు స్వరం కాస్త ఉబ్బినట్టూ, అంచు లేనట్టూ వినిపిస్తుంది. గట్టిగా మీటితే ఫ్రెట్లకు కొట్టుకుని గరగరమంటుంది. అందుకే అయిదో తీగ చేర్చి 31 కంపనాల దాకా దిగాలనుకున్న తయారీదార్లు కొందరు ఎదురు దిశలో వెళ్ళి 35 అంగుళాలు పెట్టారు, ఒక్క అంగుళానికి బిగువు 6 శాతం పెరుగుతుందని. మంద్రం పొడవు అడుగుతుంది, చెయ్యి పొట్టిది అడుగుతుంది. ఇందులో ఎవరూ ఇద్దరినీ పూర్తిగా సంతోషపెట్టలేదు, పెట్టలేరు కూడా.

ఇక అరచెయ్యి సంగతి. బేస్ మీద నాలుగు వేళ్ళనూ నాలుగు ఫ్రెట్లకు వేసి వాయించమని చాలామంది నేర్పుతారు. 34 అంగుళాల వాయిద్యం మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల దాని మీద 11.4. చూడ్డానికి ఒకటిన్నర సెంటీమీటర్ల తేడాయే. బల్ల అంచున స్కేలు పెట్టి, బొటనవేలిని కింద ఆనించి, చూపుడువేలు ఒక కొనకూ చిటికెనవేలు 13 దగ్గరకూ చాపి చూడండి. చాపడం అయితే చాలామందికి వస్తుంది. అలా చాపిన చిటికెనవేలితో గట్టిగా నొక్కి, పాట అయ్యేదాకా పట్టుకోవడం వేరే సంగతి. మామూలు మందం తీగలు నాలుగూ కలిపి 70 కిలోలకు పైనే బిగువులో ఉంటాయి. నొక్కడానికి అంతా అక్కర్లేదు గానీ, ఆ బిగువును వంచేది మాత్రం ఆ వేలే.

వీణ మీద ఈ బాధ లేదు. వైణికులు ఎక్కువగా చూపుడువేలు, మధ్యవేలు జంటగా నడుపుతారు, నాలుగు మెట్లను ఒకేసారి కప్పే పనే ఉండదు. దాని బదులు చెయ్యి మొత్తం ప్రయాణం చేస్తుంది. 85 సెంటీమీటర్ల తీగకు 24 మెట్లు కడితే మొదటి మెట్టు నుంచి ఆఖరి మెట్టు దాకా 59 సెంటీమీటర్లు. ఆ దూరమంతా ఎడమ చెయ్యి దండిని కింది నుంచి చుట్టి, ఒంటికి అడ్డంగా కుడివైపు సాగాలి. పైస్థాయికి వెళ్ళేకొద్దీ మోచెయ్యి లాగి, భుజం ముందుకు వంగుతుంది. కాబట్టి వీణ ఎంచుకునేటప్పుడు అరచెయ్యి కొలిచి లాభం లేదు, చేతి పొడవు చూడాలి. వేళ్ళు పొట్టివైనా చేతులు పొడవైన పిల్ల పెద్ద వీణను సుఖంగా వాయిస్తుంది, అదే పిల్లకు 34 అంగుళాల బేస్ ఇస్తే తిప్పలు పడుతుంది.

వీణకున్న బరువు వేరే చోట ఉంది, లాగడంలో. గమకం కోసం తీగను మెట్టు మీద పక్కకు లాగుతారు. ఒక మెట్టు మీద వేలు కదల్చకుండా షడ్జం నుంచి రిషభానికి, చతుశ్శ్రుతి రిషభమే అనుకుందాం, స్వరం ఎక్కాలంటే తీగ బిగువు 27 శాతం పెరగాలి. షడ్జం నుంచి మధ్యమం దాకా లాగాలంటే 78 శాతం. లెక్క అలా పెరుగుతుంది, ఎందుకంటే స్వరం రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. వీణ విద్వాంసుడు చిట్టిబాబు కోయిల కూతను తీగ మీద పలికించారని అందరూ చెప్పుకుంటారు. ఆ కూత వెనక చూపుడువేలి చివర ఎంత భారం పడుతుందో ఈ శాతాలు చూస్తే తెలుస్తుంది. కాబట్టి లాగుడు ఎక్కువగా వాయించే చేతికి కాస్త వదులు తీగ కావాలి. వేగంగా, మీటు మీద మీటు వేసి వాయించే చేతికి బిగువు కావాలి, లేకపోతే తీగ ఊగిపోతుంది. మూడు శ్రుతి నుంచి రెండున్నరకు దించితే చాలు, బిగువు 11 శాతం తగ్గుతుంది. గాత్రానికి సరిపోవాలని శ్రుతి మార్చామంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం వేళ్ళే అని నా అనుమానం.

గొల్లపల్లి వీణల గురించి రాసేవాళ్ళంతా యాళి ముఖం చెక్కడాన్నీ, ఒకే దుంగలోంచి తొలిచే ఏకాండి వీణ పనితనాన్నీ పొగుడుతారు. పొగడదగ్గదే. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అయితే వాయించేవాడి సుఖం దృష్ట్యా నాకు అంతకంటే గొప్పగా తోచేది మైనం. 24 మెట్లూ దండి మీద కలపలోకి దిగి ఉండవు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన నల్లటి వరుస మీద కూర్చుంటాయి. స్థిరమైన మెట్ల వీణను 17వ శతాబ్దిలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి ముడిపెడతారు. మెట్లు స్థిరమన్నా శాశ్వతం కావు. మైనాన్ని వేడిచేసి, చెవిని నమ్ముకుని, ఒక్కో మెట్టునూ ముందుకో వెనక్కో జరిపి నొక్కడాన్ని మేళం కట్టడమంటారు. తీగకూ మెట్టుకూ మధ్య ఎంత ఎత్తుండాలి, ఎంత మెత్తగా లాగుడు రావాలి అన్నవి ఆ పూట తేలతాయి. ఎండాకాలం మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతే విసుగే, కానీ ఆ వంకతో వీణ మళ్ళీ చేతికి తగ్గట్టు మారుతుంది. బేస్ గిటార్ ఫ్రెట్ కలపలో దిగగొట్టిన లోహం. దాని చోటు కొన్నవాడు మార్చలేడు.

చోటు మార్చలేకపోయినా అసలు ఫ్రెట్లే లేకుండా వాయించినవాడొకడున్నాడు. అమెరికా బేస్ వాదకుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ మీద వాయించాడు. వేలు జారినంత మేరా స్వరం జారుతుంది, మన చెవికి అది గమకానికి దూరపు చుట్టంలా తోస్తుంది. జాజ్ బేస్ అనే రకం మొదట 1960లో వచ్చింది. మెడ మొదట్లో వెడల్పు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ బేస్‌కు 41 నుంచి 44. తీగ పొడవు రెండింటికీ 34 అంగుళాలే. వేళ్ళు సన్ననివాళ్ళకూ, నాలుగు తీగల మీదా గబగబా తిరిగేవాళ్ళకూ జాజ్ మెడ నచ్చుతుంది. పెద్ద చేతులకు ఆ ఇరుకు నచ్చదు. ఇది ఇష్టానికి వదిలెయ్యాల్సిన విషయమే గానీ ఓ హెచ్చరిక: మెడ సన్నగా ఉన్నంత మాత్రాన ఫ్రెట్ల మధ్య దూరం తగ్గదు. దుకాణంలో సన్న మెడ పట్టుకుని "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అనుకుని ఇంటికొచ్చాక ఆ 13 సెంటీమీటర్లు ఎదురయ్యేవాళ్ళు చాలామంది.

ప్రెసిషన్ బేస్ వైపు చూస్తే జేమ్స్ జేమర్సన్ కనిపిస్తాడు. అమెరికాలో మోటౌన్ సంస్థ పాటల వెనక వినిపించే బేస్ చాలావరకు అతనిదే. లావు తీగలు, మెడకు బాగా ఎత్తున కట్టినవి, మీటడానికి కుడి చూపుడువేలొక్కటే. ఎవరైనా గురువు చూస్తే మూడూ మాన్పించేవాడు. అతనికి మాత్రం ఆ గట్టి తీగే కావలసిన ముద్దస్వరం ఇచ్చింది.

బరువు మాట మిగిలింది. వీణ కుండ నేల మీద ఆనుతుంది, సొరకాయ ఎడమ తొడ మీద. నేలకు ఎంత బరువైనా ఒకటే. మామూలు బేస్ మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు, అదంతా ఎడమ భుజం మీద పట్టీకి వేలాడుతుంది. పెళ్ళి ఊరేగింపులో మూడు గంటలు నిలబడేవాడికి తీగ పొడవు కంటే ఇదే ముందు తెలుస్తుంది. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ వయొలిన్ బేస్ రెండున్నర కిలోలకు లోపే ఉంటుంది, తీగ 30 అంగుళాలు. పైగా రెండు పక్కలా ఒకేలా ఉండే ఆకారం, ఎడమచేతివాటం మనిషి తిప్పి పట్టుకున్నా వంకరగా కనిపించదు. తేలిక పెట్టెకు బరువు మెడ తగిలిస్తే మాత్రం మెడ నేలవైపు వాలిపోతుంది, దాన్ని ఎడమచెయ్యి మోస్తూ ఉండాలి. పట్టీ తగిలించుకుని రెండు చేతులూ వదిలి చూస్తే అయిదు సెకన్లలో బయటపడుతుంది.

ఒంటికి తగ్గ కొలత దొరికే విషయంలో వయొలిన్ వాళ్ళది అదృష్టం. పెద్దవాళ్ళ వయొలిన్ పెట్టె 14 అంగుళాలు, తీగ 13. పిల్లలకు ముప్పాతిక, అర, పావు అని కొలతలు ముందే ఉన్నాయి, ఒళ్ళు పెరిగేకొద్దీ మార్చుకుంటూ పోవచ్చు. వీణకు అలాంటి కొలతల వరుస లేదు, చిన్న వీణ కావాలంటే చేసేవాళ్ళతో కూర్చుని చెప్పి చేయించుకోవాలి. బహుమతికిచ్చే బుల్లి బొబ్బిలి వీణ అద్దాల బీరువాకే. అది తెచ్చి ఎనిమిదేళ్ళ పిల్లకు పాఠం మొదలుపెట్టించకండి.

శ్రీకాకుళం వైపు వస్తే ఈ కొలతలన్నీ ఎగిరిపోతాయి. జముకుల కథ చెప్పేవాళ్ళ జముకుకు మెట్లూ లేవు, నిర్ణీతమైన పొడవూ లేదు. ఒక పక్క తోలు బిగించిన డొల్ల, తోలు నడుమ నుంచి ఒక తీగ. ఒక చేత్తో తీగ లాగి పట్టుకుని రెండో చేత్తో మీటితే బుంయ్‌మంటుంది, లాగే పట్టు మారితే స్వరం మారుతుంది. ఎల్లమ్మ కథలో ఆవేశం పెరిగే చోట ఆ పట్టు బిగుసుకోవడం వినిపిస్తుంది. ఇక్కడా అదే లెక్క: స్వరం స్థాయి ఎక్కాలంటే నాలుగింతల బలం. మనిషి చేతి సత్తువ ఎంతో వాయిద్యం మేర అంత. ఉత్తరాంధ్రలో బేస్ అనదగ్గ వాయిద్యం ఏదని అడిగితే నేను ముందు దీన్నే చూపిస్తాను.

ఇప్పటికే 34 అంగుళాలది కొనేసి చెయ్యి అందక బాధపడుతున్నవాళ్ళు దాన్ని అమ్మేయాల్సిన పనిలేదు. మొదటి ఫ్రెట్ దగ్గర 13 సెంటీమీటర్లున్న చాపు, అయిదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ దాకా చూస్తే 10.3కు దిగుతుంది. మొదటి నెలల సాధన అక్కడ చెయ్యండి. కిందికి వచ్చినప్పుడు నాలుగు వేళ్ళు నాలుగు ఫ్రెట్లకు వెయ్యాలన్న పట్టుదల మాని, నిలువెత్తు డబుల్ బేస్ వాళ్ళు చేసినట్టు చూపుడు, మధ్య, చిటికెన మూడే వాడి మూడు ఫ్రెట్లు కప్పండి. అది 9 సెంటీమీటర్లే. లావు తీగ అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 105 మందానిదైతే 95కు మార్చండి, అదే స్వరానికి బిగువు 18 శాతం తగ్గుతుంది. తీగలు మార్చాక మెడ వంపు ఒకసారి చూపించుకోవాలి, బిగువు తగ్గితే అదీ కాస్త కదులుతుంది.